మాట లేని రీళ్ళు: సముద్రపు సెలవుల ఇంటి సినిమాలు

(విశాఖపట్నంలోని ఒక గ్రంథాలయం హాలులో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం, బయట బీచిలో అంత చల్లటి గాలి వీస్తుంటే మీరంతా ఈ హాలులోకి వచ్చి కూర్చున్నారు. సంతోషం. ముందు వరసలో మా అమ్మ కూర్చుని ఉంది. ఎనభై ఏళ్ళు. నేను ఈ రోజు చెప్పబోయే మాటల్లో కొన్ని ఆవిడవే. తప్పు చెబితే అక్కడి నుంచే దిద్దమని చెప్పాను.

అటు గోడ పక్కన బల్ల మీద కొన్ని డబ్బాలు ఉన్నాయి, చూశారా? మీలో కొందరు తెచ్చినవే. రేకు డబ్బాలు, పసుపుపచ్చ అట్టపెట్టెలు. ఒకరు బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుని తెచ్చారు. దయచేసి ఎవరూ వాటి మూతలు ఇప్పుడే తీయకండి. ఎందుకో తరువాత చెబుతాను.

ముందు ఒక ప్రశ్న. సినిమా పుట్టిన రోజున తెర మీద ఏమి చూపించారు? రైలు అంటారా? చాలామంది అదే అంటారు. ఆ రోజు రైలు లేదు. 1895 డిసెంబరు 28న పారిస్‌లో, గ్రాండ్ కఫే కింద ఉన్న ఒక గదిలో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి పది చిన్న చిత్రాలు చూపించారు. ఒక్కొక్కటి ఒక నిమిషం కూడా ఉండదు. ఆ పదింటిలో ఒకటి: ఓగుస్త్ లూమియేర్, ఆయన భార్య తోటలో బల్ల ముందు కూర్చుని పసిపాపకు తినిపిస్తుంటారు. తీసింది తమ్ముడు లూయీ. అన్నా వదినలు బిడ్డకు గోరుముద్దలు పెడుతుంటే తమ్ముడు తీసిన దృశ్యం. దాన్ని ఇంటి సినిమా అనక మరేమంటాం? ఇంకొకటి: సముద్రం. చెక్క వంతెన మీద నుంచి పిల్లలు ఒకరి వెనక ఒకరు నీళ్ళలోకి దూకుతారు, తడుచుకుంటూ ఒడ్డుకు వస్తారు, మళ్ళీ ఎక్కుతారు, మళ్ళీ దూకుతారు. అంతే. అది దక్షిణ ఫ్రాన్సులోని లా సియొటాలో తీశారు. అక్కడ లూమియేర్ల కుటుంబానికి వేసవి ఇల్లు ఉండేది.

అంటే సినిమా పుట్టిన రోజునే తెర మీద కుటుంబమూ ఉంది, సముద్రమూ ఉంది. ఏడాది తిరక్కుండానే, 1896 జులై 7న, బొంబాయిలోని వాట్సన్ హోటల్లో మన దేశంలో మొదటి ప్రదర్శన జరిగింది. టిక్కెట్టు ఒక రూపాయి. చూపించినవి ఆరు చిత్రాలు. అందులోనూ ఒకటి సముద్ర స్నానమే. మన దేశంలో మొదటిసారి సినిమా చూసినవాళ్ళు ఎవరి పిల్లలో నీళ్ళలోకి దూకడం చూశారు. ఆ కెరటాలు ఎప్పుడో వెనక్కి వెళ్ళిపోయాయి. తెర మీద మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి. అది మొదటిసారి చూసిన మనిషికి ఎలా ఉండి ఉంటుంది? నేను చాలాసార్లు ఆలోచిస్తూ ఉంటాను.

సరే, ఇప్పుడు ఇంటి సినిమాల దగ్గరికి వద్దాం. నేను చాలా ఏళ్ళు ఇంగ్లండులో, మాంచెస్టరులో, గ్రంథాలయ ఉద్యోగం చేశాను. ఆ ఊళ్ళో నార్త్ వెస్ట్ ఫిల్మ్ ఆర్కైవ్ అని ఒక సంస్థ ఉంది. 1977లో మొదలైంది. ఇంగ్లండు వాయవ్య ప్రాంతపు కదిలే బొమ్మలన్నిటినీ అక్కడ భద్రపరుస్తారు. వార్తా చిత్రాలు, మిల్లుల ప్రచార చిత్రాలు, వాటితో పాటు మామూలు మనుషులు తమ ఇళ్ళ కోసం తీసుకున్న రీళ్ళు. ఎవరో పోతారు, ఇల్లు ఖాళీ చేస్తారు, అటక మీద డబ్బా దొరుకుతుంది, తెచ్చి ఇస్తారు. వీలు దొరికినప్పుడల్లా వెళ్ళి ఆ రీళ్ళు చూసేదాన్ని. ఎన్ని చూసినా ఒకటే దృశ్యం. ఇసుక, చిన్న బక్కెట్టు, చిన్న పార, గాడిద మీద పిల్ల, గుడ్డ కుర్చీలో నిద్రపోతున్న తాత, చలికి వణుకుతూ తువ్వాలు కప్పుకున్న అబ్బాయి. డబ్బా మారుతుంది, కుటుంబం మారుతుంది, దశాబ్దం మారుతుంది. సముద్రం ఒడ్డు మాత్రం మారదు.

ఎందుకని? జీవితంలో అన్ని రోజులుంటే కెమెరా ఎప్పుడూ సముద్రం దగ్గరే ఎందుకు బయటికి వస్తుంది? సంతోషంగా ఉన్న రోజులు కనుక అని మీరు అనవచ్చు. నిజమే. కానీ అంతకంటే మొరటు కారణం ఒకటి ఉంది. వెలుతురు.

కోడక్ కంపెనీ 1923లో 16 మిల్లీమీటర్ల ఫిల్ము తెచ్చింది, ఇళ్ళలో వాడుకోవడానికే. అంతకుముందు సినిమాలు తీసే నైట్రేటు ఫిల్ము భగ్గున అంటుకునేది. దాన్ని ఇంట్లో పెట్టుకోమనడం ప్రమాదం. ఇది అలా అంటుకోని ఫిల్ము. దాదాపు అదే సమయంలో ఫ్రాన్సులో పాతే కంపెనీ 9.5 మిల్లీమీటర్ల ఫిల్ము తెచ్చింది. తరువాత 1932లో 8 మిల్లీమీటర్లది వచ్చింది. 1935లో కోడాక్రోమ్, రంగుల ఫిల్ము. మరుసటి ఏడాదికి అది 8 మిల్లీమీటర్లలోనూ దొరికింది. ఆ కోడాక్రోమ్‌ను కనిపెట్టినవాళ్ళు ఇద్దరూ సంగీతకారులు. లియొపోల్డ్ మానెస్ పియానో వాయించేవాడు, లియొపోల్డ్ గొడోవ్‌స్కీ వయొలిన్ వాయించేవాడు. ఇద్దరు వాద్యకారులు కలిసి రంగుల రహస్యం పట్టుకున్నారు. మన సంగీత ప్రియులు గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

అయితే ఆ ఫిల్ముకు ఆకలి ఎక్కువ. వెలుతురు ఆకలి. ఫిల్ము వేగాన్ని, అంటే అది ఎంత తక్కువ వెలుతురులో బొమ్మ పట్టగలదో దాన్ని, అంకెల్లో చెబుతారు. తొలి రోజుల కోడాక్రోమ్ వేగం పది దగ్గర ఉండేది. మీ చేతిలోని ఫోను చీకటి పడితే తనంతట తానే ఆ అంకెను వేలల్లోకి పెంచుకుంటుంది. పది ఎక్కడ, వేలు ఎక్కడ? ఇంట్లో బల్ల చుట్టూ కూర్చుని తింటున్న కుటుంబాన్ని ఆ ఫిల్ముతో తీయాలంటే స్టూడియో దీపాలు కావాలి. సముద్రం ఒడ్డున అయితే పైన ఆకాశం, కింద మెరిసే ఇసుక, పక్కన మెరిసే నీళ్ళు. మూడు వైపుల నుంచీ వెలుతురు. అందుకని కెమెరా అక్కడికి వెళ్ళింది.

దీనివల్ల ఏమయిందో చూడండి. వీటిని ఇంటి సినిమాలు అంటాం, వాటిలో ఇల్లు ఉండదు! వంటగది ఉండదు. జబ్బుపడ్డ మనిషి మంచం ఉండదు. రాత్రి ఉండదు. తల్లి రోజుకు పదహారు గంటలు ఏ పని చేసిందో అది ఉండదు. ఏడాదిలో ఆమె చేతులు ఖాళీగా ఉన్న ఆ ఒక్క వారమే ఉంటుంది. ఆ రీళ్ళు చూసినప్పుడు ఇది మనసులో పెట్టుకోవాలి. అవి అబద్ధం చెప్పవు. ఎండ ఉన్నంత మేరకే చెబుతాయి.

రంగు గురించి ఒక మాట. 1930ల ప్రపంచం అనగానే మన మనసులో నలుపు తెలుపు బొమ్మ వస్తుంది. పెద్ద సినిమాలు, వార్తా చిత్రాలు ఎక్కువగా అలాగే తీశారు కాబట్టి. ఇంటి రీళ్ళలో మాత్రం 1938లో ఒక చిన్నపిల్ల ఎర్ర బక్కెట్టు పట్టుకుని నడుస్తుంటే ఆ ఎరుపు ఈ రోజుకీ మిరపపండులా ఉంటుంది. కోడాక్రోమ్ రంగులు చీకట్లో భద్రంగా ఉంటే చాలా నెమ్మదిగా వెలుస్తాయి. మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది నాకు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కూడా ఆకాశం నీలంగానే ఉండేదా అనిపించింది. వింత ప్రశ్నే. కానీ అనిపించింది.

ఇప్పుడు వెలుతురు తరువాత రెండోది, సెలవు. ఇక్కడ లాంకషైర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఈ పేరు మనకు కొత్తది కాదు. మన తాతలు తగలబెట్టిన సీమ గుడ్డలు నేసిన జిల్లా అది. మాంచెస్టర్ చుట్టూ బోల్టన్, బర్న్‌లీ, ఓల్డ్‌హామ్, బ్లాక్‌బర్న్, అన్నీ నూలు మిల్లుల ఊళ్ళు. అక్కడ వేక్స్ వారం అని ఒక ఆచారం ఉండేది. మొదట్లో అది గుడి పండుగ, మన తిరునాళ్ళ వంటిది. మిల్లులు వచ్చాక ఊరి మిల్లులన్నీ ఒకే వారం మూసేసేవారు. బాయిలర్లు ఆర్పి శుభ్రం చేసుకునేవారు, మరమ్మతులు చేసుకునేవారు. ఊరంతా రైలెక్కి సముద్రానికి వెళ్ళేది. ఊరంతా, అక్షరాలా! ఒక్కో ఊరికి ఒక్కో వారం. ఈ వారం ఓల్డ్‌హామ్ అయితే ఇంకో వారం బర్న్‌లీ. పొగగొట్టాల నుంచి ఆ వారం పొగ రాదు. కొండలు కనిపిస్తాయి.

వాళ్ళు ఎక్కువగా వెళ్ళేది బ్లాక్‌పూల్. ఐరిష్ సముద్రం ఒడ్డున ఉంది. 1894లో కట్టిన ఇనుప టవరు, 158 మీటర్ల ఎత్తు, ఐఫిల్ టవరును చూసి కట్టారు. సముద్రంలోకి పొడుచుకుపోయిన మూడు వంతెనలు, పియర్లు అంటారు. 1885 నుంచీ నడుస్తున్న ఎలక్ట్రిక్ ట్రాములు. ఇసుక మీద పిల్లలను తిప్పే గాడిదలు. ఆ గాడిదలకు శుక్రవారం సెలవు, ఊరి నిబంధన. మధ్యాహ్నం విరామం కూడా ఉంది. నాకు ఆ సంగతి ఎంతో నచ్చుతుంది.

మరి గాడిదలకు ఉన్న సెలవు మనుషులకు? మిల్లు మూసిన వారానికి చాలాకాలం జీతం ఉండేది కాదు. ఏడాది పొడుగునా వారం వారం కొన్ని నాణేలు చీటీల్లా దాచుకుని ఆ వారానికి ఖర్చుపెట్టేవారు. జీతంతో కూడిన సెలవుల చట్టం బ్రిటన్‌లో వచ్చింది 1938లో. మరుసటి ఏడాదే యుద్ధం మొదలయింది. దక్షిణ, తూర్పు తీరాల్లో ఇసుక మీద ముళ్ళకంచెలు వేశారు. ఇళ్ళవాళ్ళకు ఫిల్ము దొరకడం కష్టమైంది. అందుకే చాలా కుటుంబాల డబ్బాల్లో ఒక వింత కనిపిస్తుంది. ఒక రీలులో ఇసుకలో బోర్లా పడుకున్న ఆరేళ్ళ పిల్లవాడు. తరువాతి రీలులో అదే ముఖం, మీసం వస్తోంది. మధ్యలో ఏమీ లేదు. ఆ ఖాళీయే యుద్ధం. ఒక్క తుపాకీ కనిపించదు. అయినా నేను చూసిన యుద్ధ చిత్రాలన్నిటికంటే ఆ ఖాళీ నన్ను ఎక్కువ కదిలించింది.

ఇక్కడ ఇంకొక ప్రశ్న. ఆ కెమెరాలు ఎవరి చేతుల్లో ఉండేవి? 1923లో కోడక్ కెమెరా, ప్రొజెక్టరు, తెర అన్నీ కలిపి 335 డాలర్లు. 1932 నాటికి 8 మిల్లీమీటర్ల కెమెరా ఒక్కటి 29 డాలర్ల 50 సెంట్లకు వచ్చింది. బాగా తగ్గింది కదా? తగ్గినా మగ్గం మీద పనిచేసే మనిషికి అది అందదు. డాక్టరు, దుకాణదారు, బడిపంతులు, మిల్లు యజమాని, వీళ్ళ చేతుల్లో ఉండేవి. వాళ్ళు తమ పిల్లలను తీసుకున్నారు. కానీ సముద్రపు ఒడ్డు ఎవరి సొంతం? ఆ పిల్లల వెనక, ఫ్రేము అంచున, పేరు తెలియని మనుషులు నడుస్తుంటారు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి పాదాలు నీళ్ళలో పెట్టుకుని నిలబడిన మనిషి. చేతులు పట్టుకుని వరసగా పరుగెత్తే ఆరుగురు అమ్మాయిలు. వీళ్ళు ఆ వారం మిల్లు నుంచి బయటపడినవాళ్ళేమో. వాళ్ళను ఎవరూ తీయాలని తీయలేదు. అయినా వాళ్ళు అక్కడ ఉన్నారు. ఒక్కోసారి రీలు తీసినవాడి కుటుంబాన్ని వదిలేసి అంచులే చూస్తూ కూర్చునేదాన్ని.

1931 సెప్టెంబరులో గాంధీగారు అదే లాంకషైర్‌లోని డార్వెన్ అనే మిల్లు ఊరికి వెళ్ళారు. మన విదేశీ వస్త్ర బహిష్కరణ దెబ్బ కూడా తగిలి అక్కడ పని పోయినవాళ్ళు చాలామంది. ఆ మిల్లు స్త్రీలే ఆయన చుట్టూ చేరి చేతులెత్తి జేజేలు కొట్టిన ఫొటో మీలో చాలామంది చూసి ఉంటారు. బ్లాక్‌పూల్ ఇసుక మీద అంచున కనిపించే ముఖాలను చూసినప్పుడల్లా నాకు ఆ ఫొటో గుర్తుకు వస్తుంది. ఒకే ముఖాలు. అక్కడ ఆకలి, ఇక్కడ సెలవు.

ఇప్పుడు మా ఇంటి రీలు.

మా నాన్నగారు కోనసీమ నుంచి డాక్టరు ఉద్యోగానికి లాంకషైర్ వెళ్ళారు, 1960ల చివర్లో. అప్పట్లో అక్కడి ఆసుపత్రులకు మన దేశం నుంచి చాలామంది డాక్టర్లు వెళ్ళారు. రెండేళ్ళకు అమ్మను, నన్ను పిలిపించుకున్నారు. 1965లో కోడక్ సూపర్ 8 తెచ్చింది కదా. అంతకుముందు 8 మిల్లీమీటర్ల ఫిల్మును చక్రం నుంచి చక్రానికి చేత్తో ఎక్కించాలి. సగం అయ్యాక నీడలో నిలబడి తిప్పి మళ్ళీ ఎక్కించాలి. ఇసుకలో, గాలిలో, పిల్లలు కాళ్ళకు అడ్డం పడుతుంటే ఆ పని ఊహించండి. ఇసుకరేణువు ఒక్కటి లోపలికి పోతే ఫిల్ము పొడుగునా నిలువు గీత పడుతుంది. పాత రీళ్ళలో వాన కురుస్తున్నట్లు కనిపించే గీతలు కొన్ని ఆ సముద్రపు ఇసుక గీసినవే. సూపర్ 8లో అదంతా లేదు. ప్లాస్టిక్ పెట్టె కెమెరాలోకి తోయడమే. యాభై అడుగులు, మూడు నిమిషాల ఇరవై సెకన్లు. మాట లేదు. బొమ్మే.

1972 ఆగస్టు. నాన్నగారు కొత్త కెమెరాతో మమ్మల్ని బ్లాక్‌పూల్ తీసుకువెళ్ళారు. నాకు నాలుగేళ్ళు. రీలులో నేను గాడిద మీద ఉన్నాను, ఏడుస్తున్నాను. అమ్మ చీర మీద ఊలు స్వెట్టరు వేసుకుంది, చెప్పుల్లోకి మేజోళ్ళు వేసుకుంది. గాలికి కొంగు తలమీదుగా ఎగురుతుంటే రెండు చేతులతో పట్టుకుంటోంది. స్టీలు క్యారేజీ ఇసుకలో సగం దిగబడి ఉంది. అందులో నిమ్మకాయ పులిహోర. నాన్నగారు ఎక్కడ? లేరు. తీసేది ఆయనే కదా. ఏ ఇంటి రీలులోనైనా తండ్రి ఉండడు. కానీ ఒక్కచోట ఉన్నారు. కెమెరాతో వచ్చిన పుస్తకంలో, సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి అని రాసి ఉండేది. ఆయన అలాగే నిలబడ్డారు. సాయంత్రపు ఎండ. ఇసుక మీద ఆయన నీడ పొడుగ్గా మా దాకా వచ్చింది. మోచెయ్యి పైకెత్తి, ముఖం దగ్గర చేతులు పెట్టుకున్న నీడ. ఆ పూట నాన్నగారిది మా దగ్గర ఉన్నది అదొక్కటే.

మా వెనక కూడా మనుషులున్నారు. తెల్లవాళ్ళ కుటుంబాలు. ఒకాయన మెడలో మా నాన్నగారి కెమెరా లాంటిదే వేలాడుతోంది. ఆయన మా వైపే తిరిగి ఉన్నాడు. అంటే ఏమిటి? లాంకషైర్‌లో ఏదో ఇంట్లో, ఏదో అటక మీద, ఎవరి పిల్లల వెనకో ఫ్రేము అంచున మా అమ్మ ఉండవచ్చు. చీర, స్వెట్టరు, ఎగిరే కొంగు. ఆవిడ ఎవరో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒకప్పుడు మిల్లు అమ్మాయిలు ఉన్న అంచులోకి ఒక కోనసీమ అమ్మాయి వచ్చింది. ఆ ఆర్కైవులో రంగుల రీలు తిరుగుతున్న ప్రతిసారీ నేను అంచుల్లో వెతికేది అందుకే. ఇప్పటిదాకా దొరకలేదు.

1974లో సెలవుకి ఇంటికి వచ్చాం. నాన్నగారు ప్రొజెక్టరు కూడా మోసుకువచ్చారు. అక్కడి కరెంటూ ఇక్కడి కరెంటూ దాదాపు ఒకటే కనుక పనిచేసింది. మా అమ్మమ్మగారి ఇంట్లో, వీధి అరుగు మీద, తాతగారి పంచె గోడకు కట్టి చూపించారు. ఊళ్ళో సగం మంది వచ్చారు. నాన్నగారు పక్కన నిలబడి మాట చెప్పారు. ఇది టవరు, ఇవి ట్రాములు, ఇదిగో గాడిద మీద మన పిల్ల. అందరూ నవ్వారు. ఆ ప్రొజెక్టరు వెనక్కి కూడా నడిచేది. పిల్లలు నీళ్ళలోంచి వెనక్కి వెనక్కి నడుచుకుంటూ ఒడ్డుకు రావడం చూసి వీధి వీధంతా గోల. మా అమ్మమ్మ మాత్రం నవ్వలేదట. సముద్రం అంటే ఆవిడకు అంతర్వేది. మళ్ళీ ఆ నీళ్ళు చూపించు బాబూ అందట. చూపించారు. చూసి, ఆ నీళ్ళు మట్టిరంగుగా ఉన్నాయేమిటి, అది సముద్రమేనా అని అడిగిందట. బ్లాక్‌పూల్ నీళ్ళు అలాగే ఉంటాయి, బూడిదా గోధుమా కలిసిన రంగులో.

నేను ఇన్నాళ్ళూ పాత రీళ్ళ చుట్టూ తిరిగి తెలుసుకున్నది ఆ అరుగు మీదే ఉంది. ఇంటి సినిమా ఎప్పుడూ మూగగా నడవలేదు. ఫిల్ములో మాట లేదు, నిజమే. కానీ చూసే గదిలో ఉంది. పక్కన ఒకరు నిలబడి చెప్పేవారు. ఇది ఎవరు, అది ఎప్పుడు, ఆ పూట ఏమి జరిగింది. ఆ మాట రీలులో సగం. మన చేతికి డబ్బా వచ్చేటప్పటికి ఆ సగం పోయి ఉంటుంది. మాంచెస్టరులో నేను చూసిన చాలా డబ్బాల మీద రాసింది ఒక్క మాటే, 'సెలవులు'. ఎవరి సెలవులు? ఏ ఏడు? చూసినవాళ్ళు తలలు పట్టుకుంటారు. ఫిల్ము అంచున కోడక్ వేసే చిన్న గుర్తులను బట్టి ఏడాది కనిపెట్టవచ్చు, కానీ ఆ గుర్తులు ఇరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి. అప్పుడు కార్లు చూస్తారు, గౌన్ల పొడుగు చూస్తారు. మన దగ్గరా అంతే. మీ దగ్గర మన ఆర్‌కే బీచి రీలో టేపో ఉంటే జలాంతర్గామి కనిపిస్తోందా చూడండి. కుర్సురా ఒడ్డుకు చేరి మ్యూజియం అయింది 2002లో. డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌసు ఉంటే 1957 తరువాతిది. ఏడాది అలా దొరుకుతుంది. మనిషి పేరు అలా దొరకదు.

మా రీలు చివర్లో ఒక దృశ్యం ఉంది. అమ్మ నీళ్ళ దగ్గర వంగి లేస్తుంది, కెమెరా వైపు తిరుగుతుంది, చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని ఏదో అంటుంది. నాన్నగారు ఆ చోట ఎప్పుడూ ఒకటే చెప్పేవారు: మీ అమ్మకు సిగ్గు, తీయవద్దు అంటోంది. మేమూ అదే నమ్మాం. నలభై ఏళ్ళు నమ్మాం. నాన్నగారు పోయాక ఆ రీలును స్కాన్ చేయించాను, ఒక్కొక్క ఫ్రేము విడివిడిగా. అమ్మ పక్కన కూర్చుని కంప్యూటర్లో చూపించాను, రికార్డరు పెట్టాను. ఆ చోటుకు వచ్చేసరికి నేనే, ఇదిగో నీకు సిగ్గు అన్నాను. అమ్మ, సిగ్గేమిటే అంది. నీళ్ళు నోట్లో వేసుకుని చూస్తున్నాను, అంది. ఉప్పగా ఉన్నాయా లేదా అని. అంతర్వేదిలో చిన్నప్పుడు చూసినట్లే ఉన్నాయా అని. అదే మీ నాన్నకు చెబుతున్నాను, అదే ఉప్పండీ అని. ఆయనకు ఆ గాలిలో వినిపించలేదు.

మళ్ళీ వేసి చూశాను. నిజమే. వంగినప్పుడు కుడిచేతి వేళ్ళు నీళ్ళలో ముంచింది. ఆ వేళ్ళే నోటి దగ్గరికి వెళ్ళాయి. నలభై ఏళ్ళు నా కళ్ళ ముందు ఉంది, నేను చూడలేదు. మూడు నిమిషాల ఇరవై సెకన్ల రీలుకు అమ్మ మాటలు నలభై నిమిషాలు వచ్చాయి. మేము దిగిన ఇంటావిడ మంచం మీద వేసిన గులాబీరంగు దుప్పటి, పులిహోరలోకి పసుపు ఎక్కడ కొన్నదీ, ఆ రోజు పొద్దున్న పోస్టులో వచ్చిన ఉత్తరం. ఏదీ రీలులో లేదు.

ఇప్పుడు ఆ బల్ల మీది డబ్బాల సంగతి. మూతలు తీయవద్దన్నాను కదా. ఈ ఫిల్ము అసిటేటు అనే పదార్థంతో చేస్తారు. వేడికీ తేమకూ అది మెల్లగా విరిగి ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది, అంటే వెనిగర్‌లో ఉండేదే. ఆ యాసిడ్ డబ్బాలోనే ఉండిపోయి మిగతా ఫిల్మును ఇంకా త్వరగా విరగ్గొడుతుంది. మూత తీయగానే పుల్లటి వాసన వస్తుంది. ఫిల్ము ముడుచుకుపోతుంది, ఒంకరలు తిరుగుతుంది, చివరికి పెళుసైపోతుంది. ఈ జబ్బు గురించి కోడక్‌కు మొట్టమొదట ఫిర్యాదు వెళ్ళింది ఎక్కడి నుంచో తెలుసా? మన దేశం నుంచే. 1950లలో, భారత ప్రభుత్వం నుంచి. మన వేడి, మన తేమ. 21 డిగ్రీల గదిలో, యాభై శాతం తేమలో కొత్త ఫిల్ముకు ఆ జబ్బు మొదలవడానికి దాదాపు నలభై ఏళ్ళు పడుతుందని నిపుణుల లెక్క. విశాఖపట్నంలో ఏ అటక 21 డిగ్రీలు ఉంటుంది? చెప్పండి.

అందుకని ఒక్కొక్క డబ్బా విడిగా తీద్దాం, కిటికీ దగ్గర. పుల్లటి వాసన వచ్చినదాన్ని మిగతావాటికి దూరంగా పెడదాం. పాత ప్రొజెక్టరు ఇంట్లో ఉందని దాని మీద వేయకండి. ముడుచుకున్న ఫిల్మును దాని పళ్ళు చింపేస్తాయి. గోడ మీద వేసి ఫోనుతో తీయడం కూడా వద్దు. ఫ్రేము ఫ్రేము స్కాన్ చేసేవాళ్ళ దగ్గరికి పంపుదాం. స్కాన్ అయిపోయింది కదా అని అసలు రీలు పారేయకండి, నేను చేతులు జోడించి అడుగుతున్నాను. మా రీలుకు యాభై ఏళ్ళు దాటాయి, ఇంకా ఉంది. మీ హార్డ్ డిస్కు అన్నేళ్ళు ఉంటుందా?

వీడియో క్యాసెట్లు తెచ్చినవాళ్ళు మరీ తొందరపడాలి. 1980ల చివర్లో, 90లలో అమెరికా నుంచి వచ్చిన అన్నయ్యో బావో భుజం మీద కెమెరా పెట్టుకుని తీసినవి. భీమిలిలో, రామకృష్ణా బీచిలో, మద్రాసు మెరీనాలో. వాటిలో మాట కూడా ఉంది, అది అదృష్టం. కానీ వాటిని ఆడించే యంత్రాలు పోతున్నాయి. వీసీఆర్లు తయారుచేస్తూ మిగిలిన చివరి కంపెనీ 2016 జులైలో ఆపేసింది. ఫిల్మును భూతద్దంతో అయినా చూడవచ్చు. టేపును చేత్తో పట్టుకుని చూస్తే నల్లటి రిబ్బనే.

ఆ బల్ల దగ్గర ఇద్దరు పిల్లలు రికార్డర్లతో కూర్చుని ఉంటారు. డబ్బా ఇచ్చేటప్పుడు వాళ్ళకు మాట కూడా ఇవ్వండి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారు. గుర్తున్నంత. తప్పయినా ఫరవాలేదు. మా నాన్నగారు చెప్పింది కూడా తప్పే. అయినా ఆ గొంతు నా దగ్గర ఉంటే ఎంత బాగుండును.

ఇంక మా రీలు వేస్తాను. మూడు నిమిషాల ఇరవై సెకన్లు. మాట నేను చెప్పను.

అమ్మా, ఇలా రా. మెల్లగా, అక్కడ మెట్టు ఉంది. ఆ మైకు దగ్గరికి జరుగు. బాబూ, ఆ దీపాలు తీసేయండి.